చారెడు నీళ్ల తాళం: బాత్‌రూమ్ ఆఖరి పనుల వెనక ఉన్న చరిత్ర



కోతలు అయిపోయి నాలుగు డబ్బులు చేతికొచ్చే ఈ రోజుల్లో ఊళ్లో ఏ వీధికెళ్లినా ఇసుక కుప్పలు, సిమెంటు బస్తాలే. ఎక్కువ మంది పెట్టుకున్నది బాత్‌రూమ్ పని. పాత నాపరాళ్లు తీసి టైల్స్ వేయించడం, పాత కుళాయిలు పీకి కొత్తవి పెట్టడం. మేస్త్రీ కూలి మామూలుగా లేదు కాబట్టి గోడలు, ప్లాస్టరింగ్ దాకా మేస్త్రీతో చేయించి ఆఖరి పనులు మనమే చేసుకుంటున్నాం. పొలంలో డ్రిప్ లైన్లు, మోటారు పైపులు బిగించే చేతులకి ఒక కుళాయి బిగించడం పెద్ద లెక్క కాదు కదా.

ఆఖరి పని అనగానే మన కళ్లు టైల్ రంగు మీదకి, కుళాయి మెరుపు మీదకి పోతాయి. చరిత్ర చూస్తే మాత్రం ఏ కాలంలోనూ బాత్‌రూమ్‌ని నిలబెట్టింది మెరిసేవి కాదు. నేలకి ఉన్న వాలు, పైపు వంపులో నిలిచే చారెడు నీళ్లు, కప్పు మీదకి పోయే గాలి గొట్టం, బయటకెళ్లిన నీళ్లు చేరే చోటు. ఈ నాలుగూ కుదరక మహారాణి కోటలో పెట్టిన మరుగుదొడ్డి కూడా నిలబడలేదు. వీటి కోసం మనుషులు ఎన్ని తంటాలు పడ్డారో తెలిస్తే, మన ఇంట్లో ఏది ముందు చూసుకోవాలో మనకే అర్థమవుతుంది. పోస్టు కొంచెం పొడవే, ఓపిగ్గా చదవండి.

ముందు నేల వాలు

సుమారు 4,500 ఏళ్ల కిందట సింధు నది దగ్గర మొహెంజొదారో అనే పట్నం ఉండేది. ఇప్పుడు అది పాకిస్తాన్‌లో ఉంది. 1920ల్లో తవ్వకాలు జరిపినప్పుడు అక్కడ చాలా ఇళ్లల్లో స్నానానికి విడిగా కట్టిన చోటు బయటపడింది. కాల్చిన ఇటుకల అంచులు అరగదీసి, సందు కనపడకుండా దగ్గరగా పేర్చారు. నేల మొత్తం ఒక మూలకి వాలుగా ఉంది. ఆ మూల నుంచి నీళ్లు గోడ కింద తూము గుండా వీధి కాలువలోకి పోయేవి. వీధి కాలువ మీద ఇటుకలో రాళ్లో కప్పి ఉంచేవాళ్లు, పూడిక తీయాలంటే అవి ఎత్తి తీసేవాళ్లు.

అదే ఊళ్లో అందరూ వాడుకునే పెద్ద స్నానపు కొలను ఒకటి ఉంది. పొడవు సుమారు 12 మీటర్లు, వెడల్పు 7 మీటర్లు, లోతు 2.4 మీటర్లు. నీళ్లు ఇంకిపోకుండా ఇటుకల మధ్య జిప్సం కలిపిన గార పెట్టారు, గోడ వెనక తారు పొర పూశారు. ఇప్పుడు మనం వాటర్ ప్రూఫింగ్ అని డబ్బా కొనుక్కొచ్చి పూస్తున్నామే, ఆ ఆలోచన అప్పటిదే. టైల్స్ నీళ్లని ఆపుతాయని చాలామంది అనుకుంటారు. టైల్ ఆపుతుంది గానీ టైల్‌కీ టైల్‌కీ మధ్య ఉన్న సందు ఆపదు. ఆపాల్సింది కింద పూసిన పొర. మొహెంజొదారో మేస్త్రీలకి ఈ సంగతి తెలుసు.

మన తెలుగు నేల మీద కూడా ఈ పనితనం ఉంది. సాగర్ డ్యామ్ నీళ్లలో మునిగిపోక ముందు, 1954 నుంచి 1960 దాకా నాగార్జునకొండ లోయలో తవ్వకాలు జరిపారు. ఇక్ష్వాకుల కాలం నాటి, అంటే 1,700 ఏళ్ల కిందటి స్నానఘట్టం మెట్లు, రాతి కట్టడాలు బయటపడ్డాయి. గోల్కొండ కోటలో నీళ్లు కింది నుంచి పైకి ఎక్కించి, గోడల్లో పెట్టిన మట్టి గొట్టాల గుండా పంపేవాళ్లు. కోట చూడ్డానికి వెళ్తే ఆ గొట్టాల ముక్కలు ఇప్పటికీ కనిపిస్తాయి.

మన తాతల ఇళ్లు తీసుకోండి. డంగు సున్నంలో బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు కలిపి గచ్చు చేసేవాళ్లు. తర్వాత తాండూరు, బేతంచెర్ల నాపరాళ్లు వచ్చాయి. గంగాళం పక్కన నాపరాయి బండ, దాని చివర జలదారి, ఆ నీళ్లు నేరుగా పెరట్లో అరటి పాదుకో కొబ్బరి చెట్టుకో పోయేవి. పైపు లేదు, జాలీ లేదు, ఖర్చు లేదు. ఆ ఏర్పాటు మొత్తం వాలు మీదే నడిచింది.

కాబట్టి టైల్స్ వేసేటప్పుడు మొదట అడగాల్సింది వాలు. అడుగుకి పావు అంగుళం ఉంటే నీళ్లు నిలవవు, కాలు కూడా జారదు. మడి చదును చేశాక నీళ్లు పెట్టి చూస్తామే, అట్లాగే టైల్స్ పరిచి సిమెంటు గట్టిపడక ముందే లెవెల్ పైపు పెట్టి, ఒక గోలీకాయ వదిలి చూడండి. అది జాలీ వైపు దొర్లితే పని కుదిరినట్టే. గోడ వైపు దొర్లితే అప్పుడే టైల్ లేపించండి. ఆరిపోయాక మేస్త్రీ రాడు, వచ్చినా పగలగొట్టకుండా సరిచేయలేడు.

గడియారాలాయన, తాళాలాయన

ఇప్పుడు అసలు కథకి వద్దాం. స్నానం నీళ్లకి వాలు చాలు. మరుగుదొడ్డికి వాలు ఒక్కటే చాలదు, ఎందుకంటే నీళ్లు పోయిన దారినే కంపు వెనక్కి వస్తుంది.

ఇంగ్లండ్‌లో సర్ జాన్ హారింగ్టన్ అని ఒకాయన ఉండేవాడు. ఎలిజబెత్ మహారాణికి ఆయన వరసకి ధర్మపుత్రుడు. పైన నీళ్ల తొట్టి పెట్టి, మీట లాగితే నీళ్లొచ్చి కడిగేసే మరుగుదొడ్డి తయారుచేసి, 1596లో దాని గురించి పుస్తకం కూడా అచ్చేశాడు. రాణిగారికీ ఒకటి పెట్టించాడు. నీళ్లు వచ్చాయి, కడిగాయి, అంతా బాగానే ఉంది. కానీ కింద గుంతకీ పైన గదికీ మధ్య ఏ అడ్డూ సరిగ్గా లేదు. కడిగిన కాసేపటికి గుంతలో కంపు మళ్లీ గదిలోకి వచ్చేది. ఆ పద్ధతి జనంలోకి పోలేదు. దాదాపు 180 ఏళ్లు ఎవరూ పట్టించుకోలేదు.

1775లో అలెగ్జాండర్ కమ్మింగ్ అనే స్కాట్లండ్ మనిషి, లండన్‌లో గడియారాలు తయారుచేసే ఆయన, ఒక చిన్న మార్పు చేశాడు. కింద పైపుని తిన్నగా దింపకుండా వంపు తిప్పాడు. నీళ్లు పోశాక చివర్లో వచ్చిన నీళ్లు ఆ వంపులో నిలిచిపోతాయి. మలం పోతుంది, నీళ్లు పోతాయి, కంపు మాత్రం ఆ నిలిచిన నీళ్లని దాటి పైకి రాలేదు. ఆయన పేటెంట్‌లో మీటలు, మూతలు చాలా ఉన్నాయి. అవన్నీ పాతబడిపోయాయి. ఆ వంపు మాత్రం 250 ఏళ్లుగా ప్రపంచమంతా అట్లాగే ఉంది. మన ఇంట్లో మరుగుదొడ్డి కింద ఉన్నదీ అదే, వాష్‌బేసిన్ కింద ఉన్నదీ అదే, నేల మీద జాలీ కింద ఉన్నదీ అదే.

మూడేళ్ల తర్వాత, 1778లో, జోసెఫ్ బ్రామా దాని పైమూతని బాగుచేశాడు. ఆయన వడ్రంగి, తర్వాత తాళాల తయారీలో పేరు తెచ్చుకున్నాడు. ఒకాయన గడియారాలు చేసేవాడు, ఇంకొకాయన తాళాలు చేసేవాడు. ఇద్దరూ కలిసి చేసిందేమిటంటే కంపుకి నీళ్లతో తాళం వేయడం. ఇంగ్లీషులో దీన్ని వాటర్ సీల్ అంటారు, మన భాషలో నీటి తాళం అనుకుందాం.

మన ప్లంబర్లు నానీ ట్రాప్ అని పిలిచేది కూడా ఇదే తాళం. ఆ పేరు ఎక్కడిదంటే, మరాఠీలో న్హాణీఘర్ అంటే స్నానాల గది. ఆ మాట నహానీ అయ్యి, మన దగ్గరికి వచ్చేసరికి నానీ అయ్యింది. కొనేటప్పుడు ఒక సంగతి చూడండి. మామూలు నేల ట్రాప్‌లో నీళ్లు 50 మి.మీ. ఎత్తు నిలవాలి. చవకలో దొరికే కొన్నిట్లో కప్పు బోర్లించినట్టు ఒక మూత ఉంటుంది, నీళ్లు వేలు మందం కూడా నిలవవు. వెంట్రుకలు అడ్డం పడ్డాయని మనవాళ్లు ఆ మూత తీసి పక్కన పడేస్తారు. మూత తీసిన రోజే తాళం ఊడిపోయినట్టు.

నీళ్లు ఎక్కడికి పోతున్నాయి

తాళం దొరికింది కదా, ఇక సుఖమే అనుకున్నారు లండన్ వాళ్లు. డబ్బున్న ఇళ్లన్నీ కొత్త మరుగుదొడ్లు పెట్టించుకున్నాయి. గదులు శుభ్రంగా ఉన్నాయి. కానీ నీళ్లు ఎక్కువ పోయడంతో గుంతలు పొంగాయి. పొంగిన గుంతల్ని వాన కాలువల్లోకి కలిపారు. వాన కాలువలు థేమ్స్ నదిలోకి పోతాయి. ఆ నది నుంచే ఊరికి తాగునీళ్లు తోడేవాళ్లు. ఎవరిల్లు వాళ్లు శుభ్రం చేసుకుని అందరూ కలిసి తాగే నీళ్లని పాడుచేసుకున్నారన్న మాట.

1854లో లండన్‌లో సోహో అనే పేటలో కలరా వచ్చింది. జాన్ స్నో అనే డాక్టరు ఇల్లిల్లూ తిరిగి, చనిపోయినవాళ్లు ఎక్కువమంది బ్రాడ్ స్ట్రీట్ బోరింగు పంపు నీళ్లు తాగారని గుర్తించి, దాని పిడి తీయించాడు. ఆ పంపు బావి పక్కనే ఒక ఇంటి మలం గుంత ఉందనీ, దాని గోడ పాడై బావిలోకి ఊరుతోందనీ తర్వాత తేలింది. రోగం గాలిలో కంపు వల్ల వస్తుందని అప్పటి పెద్ద పెద్దవాళ్లంతా నమ్మేవాళ్లు. స్నో మాత్రం నీళ్లు అన్నాడు. ఆయన బతికుండగా చాలామంది ఒప్పుకోలేదు.

1858 ఎండాకాలంలో థేమ్స్ నది ఎంత కంపు కొట్టిందంటే, ఒడ్డున ఉన్న పార్లమెంటులో కిటికీ తెరలకి సున్నపు క్లోరైడ్ పట్టించి కూర్చున్నారు. అప్పుడుగానీ డబ్బు మంజూరు కాలేదు. జోసెఫ్ బజాల్గెట్ అనే ఇంజనీరు నది వెంబడి పెద్ద మురుగు సొరంగాలు కట్టించి, మురుగుని ఊరికి దిగువకి మళ్లించాడు.

మన హైదరాబాద్‌కీ ఇలాంటి మలుపే వచ్చింది. 1908లో మూసీ వరద వేలమందిని పొట్టనపెట్టుకున్నాక, 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించారు. ఆయన వరదలు ఆపే జలాశయాలతో పాటు నగరానికి మురుగు కాలువల పథకం కూడా వేసిచ్చారు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ అందరికీ గుర్తున్నాయి. ఆ మురుగు పథకం గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. మన పల్లెలకి అలాంటి పథకం ఇంకా రాలేదు కాబట్టి ఆ లెక్క మనమే చూసుకోవాలి.

ఇప్పుడు మన వీధిలోకి చూడండి. ఎన్ని ఇళ్ల సెప్టిక్ ట్యాంకు పైపు నేరుగా వీధి కాలువలోకి ఉంది? లోపల ఖరీదైన టైల్స్, బయట కాలువలో నల్ల నీళ్లు, ఆ కాలువ పోయి చెరువులో కలుస్తుంది. లండన్ 1858లో పడ్డ పాట్లు మనం మన ఊళ్లో మళ్లీ పడుతున్నాం. ట్యాంకు నుంచి వచ్చే నీళ్లు ఇంకుడు గుంతలోకి పోవాలి. ఆ గుంత బావికి, బోరుకి బాగా దూరంగా ఉంటే భద్రం. రాతి పగుళ్లు ఉన్న నేలైతే ఇంకా దూరం.

కుళాయి మర, తెల్ల టేపు

కుళాయికి కూడా కథ ఉంది. పాతకాలపు కుళాయిలో బెజ్జం ఉన్న బిరడా ఉండేది, తిప్పితే తెరుచుకునేది, మళ్లీ తిప్పితే ఠక్కున మూసుకునేది. నీళ్లు ఒక్కసారి ఆగితే పైపు లోపల దెబ్బ కొడుతుంది. మోటారు ఆపగానే ఎన్‌ఆర్‌వీ దగ్గర దబ్‌మని శబ్దం వస్తుందే, అదే. 1845లో ఇంగ్లండ్‌లో రోథర్‌హామ్ ఊరి గెస్ట్ అండ్ క్రైమ్స్ కంపెనీ వాళ్లు మర తిప్పే కొద్దీ వాషరు నెమ్మదిగా దిగి మూసుకునే కుళాయి తెచ్చారు. మన చిన్నప్పుడు వాడిన ఇత్తడి కుళాయిలన్నీ ఆ జాతివే. కారుతుంటే అర్ధరూపాయి వాషరు మారిస్తే సరిపోయేది.

ఇప్పుడు వచ్చే పావు తిప్పుడు కుళాయిల్లో వాషరు ఉండదు, రెండు పింగాణీ బిళ్లలు ఒకదాని మీద ఒకటి జరుగుతాయి. బాగుంటాయి గానీ ఇసుక రేణువు పడితే గీత పడి కారడం మొదలవుతుంది. అందుకని కొత్త కుళాయి బిగించే ముందు పైపు నోరు తెరిచి రెండు బకెట్ల నీళ్లు వదిలేయండి. పైపు కోసినప్పటి పొట్టు, ఇసుక అంతా బయటికి పోతుంది. డ్రిప్ లైన్ చివరి మూత తీసి ఫ్లష్ చేయమా, అదే పద్ధతి.

కుళాయి మర ఏ పైపుకైనా ఎట్లా సరిపోతుందో ఎప్పుడైనా ఆలోచించారా? ఒకప్పుడు సరిపోయేది కాదు. ఏ కార్ఖానా మర దానిదే. 1841లో జోసెఫ్ విట్‌వర్త్ అనే ఇంజనీరు అందరూ ఒకే కొలత వాడాలని, మర కోణం 55 డిగ్రీలు ఉండాలని చెప్పాడు. మనం ఇప్పటికీ వాడే పైపు మర ఆ లెక్కదే. అర అంగుళం పైపు అంటాం గానీ టేపు పెట్టి బయట కొలిస్తే ఇంచుమించు 21 మి.మీ. ఉంటుంది. ఆ అర అంగుళం అన్నది పాత ఇనుప పైపుల లోపలి బెజ్జం లెక్క.

మర దగ్గర కారకుండా వెనకటి ప్లంబర్లు జనపనార చుట్టి సఫేదా పూసేవాళ్లు. ఇప్పటి తెల్ల టేపు పదార్థం 1938లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీలో రాయ్ ప్లంకెట్ అనే ఆయనకి అనుకోకుండా దొరికింది. ఫ్రిజ్‌లో వాడే గ్యాస్ కోసం పని చేస్తుంటే సిలిండర్ అడుగున తెల్లటి మైనం లాంటి పొడి మిగిలింది. అదే టెఫ్లాన్. ఈ టేపు మర తిరిగే దిక్కుకే చుట్టాలి, మర మీ వైపు పెట్టుకుంటే గడియారం ముల్లు తిరిగినట్టు. ఎదురు చుడితే బిగించేటప్పుడు టేపు ముద్దయి బయటికి వస్తుంది. ప్లాస్టిక్ మరలకి పానా పెట్టి బలం చూపించొద్దు, చేత్తో బిగించి ఇంకొంచెం తిప్పితే చాలు.

షవర్ గురించి ఒక్క మాట. నీళ్ల ఒత్తిడి ఎత్తుని బట్టి వస్తుంది, 10 మీటర్ల ఎత్తుకి చదరపు సెంటీమీటరుకి ఒక కిలో. మన ట్యాంకు డాబా మీద ఉంటే షవర్‌కి పైన ఐదారు అడుగులే. ఒక కిలోలో ఐదో వంతు కూడా రాదు. పట్నంలో హోటల్లో చూసిన పళ్లెమంత షవర్ కొనుక్కొస్తే మన ఇంట్లో చుక్కలే రాలతాయి. డబ్బా మీద ఎంత ఒత్తిడి కావాలో రాసుంటుంది, చూసి కొనండి.

తల మీది తట్ట దించిన వంపు

ఇప్పటిదాకా చెప్పింది సౌకర్యం గురించి. ఇప్పుడు చెప్పేది మనుషుల గురించి.

నీళ్లు పోసే మరుగుదొడ్లు రాక ముందు మన దేశంలో పట్నాల్లో, పెద్ద ఊళ్లలో ఎండు దొడ్లు ఉండేవి. వాటిని రోజూ చేత్తో ఎత్తి, తట్టలో పెట్టుకుని, తల మీద మోసుకుపోయే పని కొన్ని కులాల మీద, అందులోనూ ఎక్కువగా ఆడవాళ్ల మీద పెట్టారు. తరతరాలు ఆ పనిలోనే ఉంచారు. నీటి తాళం ఉన్న దొడ్డి వస్తే ఆ పని అక్కర్లేదు. కానీ లండన్ పద్ధతిలో ఒక్కసారికి బకెట్ నీళ్లు పైన కావాలి, ఊరంతా మురుగు సొరంగాలు కావాలి. అవి మన దగ్గర ఎక్కడివి?

1950లలో లక్నోలోని ప్రణాళికా పరిశోధన సంస్థ లాంటి చోట్ల తక్కువ నీళ్లతో పనిచేసే దొడ్డి మీద ప్రయోగాలు చేశారు. 1970లో బీహార్‌లో బిందేశ్వర్ పాఠక్‌గారు సులభ్ సంస్థ పెట్టి రెండు గుంతల మరుగుదొడ్డిని జనంలోకి తీసుకెళ్లారు. అందులో తెలివంతా పింగాణీ పళ్లెంలో, దాని కింద వంపులో ఉంది. పళ్లెం వాలు 25 నుంచి 28 డిగ్రీలు, అంటే బాగా ఏటవాలు. వంపులో నిలిచే నీళ్లు 20 మి.మీ. మాత్రమే. దాంతో రెండు లీటర్ల నీళ్లు పోస్తే చాలు, మొత్తం పోతుంది. ఒక చెంబు, ఒక మగ్గు, అంతే. ఒక గుంత నిండాక రెండోదానికి మళ్లిస్తారు. నిండినదాన్ని కనీసం రెండేళ్లు కదిలించకుండా మూసి ఉంచితే లోపల ఉన్నది మట్టిలా మారి ఎరువుగా పనికొస్తుంది. చేత్తో మలం ఎత్తాల్సిన అవసరం ఎవరికీ లేదు.

చట్టాలు 1993లో ఒకటి, 2013లో ఒకటి వచ్చాయి. కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లో పుట్టిన బెజవాడ విల్సన్‌గారు, సఫాయి కర్మచారి ఆందోళన్‌లో ఆయనతో పనిచేసినవాళ్లు ఎండు దొడ్లు పడగొట్టించడానికి ఏళ్ల తరబడి పోరాడారు. ఆయనకి 2016లో మెగసెసే అవార్డు వచ్చింది. అయినా సెప్టిక్ ట్యాంకుల్లోకి దిగి మనుషులు ఊపిరాడక చనిపోవడం ఇంకా ఆగలేదు. అందుకే ఇది మన చేతిలో ఉన్న నిర్ణయం అంటున్నా. కొత్తగా కట్టేవాళ్లకి చోటుంటే రెండు గుంతలు మంచిది. ట్యాంకే ఉంటే, నిండినప్పుడు మిషన్ బండినే పిలవండి, మనిషిని దింపొద్దు, మీరూ దిగొద్దు. ఆ గ్యాస్ రెండు ఊపిరులకే ప్రాణం తీస్తుంది.

2014 అక్టోబర్ 2న స్వచ్ఛ భారత్ మొదలయ్యాక ఒక్కో ఇంటికి 12,000 రూపాయలు ఇచ్చారు. ఊళ్లో గదులు లేచాయి. కొన్నిట్లో ఇప్పుడు కట్టెలు, ఎరువు బస్తాలు ఉన్నాయి. ఎందుకు వాడట్లేదని అడిగితే ఎక్కువగా వినపడే జవాబు కంపు. గది ఉంది, గోడ ఉంది, తలుపు ఉంది. వంపు సరిగ్గా కూర్చోలేదు, లేదా పళ్లెం వాలు తక్కువ, లేదా గాలి గొట్టం పెట్టలేదు. ఖర్చంతా పెట్టి ఆఖరి చారెడు పని వదిలేస్తే మిగిలేది అదే. నష్టపోయేది ఎవరంటే చీకటి పడేదాకా ఆగాల్సి వచ్చే ఇంటి ఆడవాళ్లు.

గాలి దారి

తాళం సరిగ్గా ఉన్నా కొన్ని ఇళ్లల్లో కంపు వస్తుంది. కారణం మనకి బాగా తెలిసిందే, సైఫన్. డబ్బాలోంచి పైపుతో డీజిల్ లాగుతామే, ఒకసారి నోటితో పీలిస్తే మిగతాది దానంతట అదే వస్తుంది. పైపు నిండా నీళ్లు దూకుడుగా దిగినప్పుడు వెనక గాలి అందకపోతే వంపులో ఉన్న నీళ్లని కూడా అట్లాగే లాక్కుపోతుంది. తాళం ఖాళీ. దీనికి మందు గాలి గొట్టం. మురుగు పైపుని నిలువుగా డాబా పైదాకా తీసుకెళ్లి నోరు తెరిచి ఉంచాలి. దోమలు పోకుండా సన్న జాలీ కట్టాలి. సెప్టిక్ ట్యాంకు దోమల పుట్ట, ఆ జాలీ లేకపోతే ఊరికంతా దోమలు సప్లై చేస్తున్నట్టే.

ఇంకో కారణం నీళ్లు ఎండిపోవడం. ఇది చిన్న సంగతి అనుకోకండి. 2003లో సార్స్ జబ్బు వచ్చినప్పుడు హాంకాంగ్‌లో అమోయ్ గార్డెన్స్ అనే అపార్ట్‌మెంట్లలో కొద్ది రోజుల్లోనే 300 మందికి పైగా జబ్బు పడ్డారు. ఒకరినొకరు కలవనివాళ్లకి కూడా ఎలా వచ్చిందని పరిశీలిస్తే బాత్‌రూమ్ నేల ట్రాప్‌ల దగ్గర తేలింది. అక్కడివాళ్లు నేలని నీళ్లు పోసి కడగకుండా తడిగుడ్డతో తుడిచేవాళ్లు. ట్రాప్‌లో నీళ్లు ఎండిపోయాయి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేస్తే మురుగు పైపులోంచి గాలి గదిలోకి వచ్చింది, దాంతో క్రిములూ వచ్చాయి. పెద్ద నగరంలో, పెద్ద భవనంలో, చారెడు నీళ్లు లేక ఇంత జరిగింది.

జాన్ స్నో కంపు వల్ల కలరా రాదన్నాడు, నిజమే. కానీ కంపు వచ్చే దారి తెరిచి ఉందంటే ఇంకా ఏవైనా రాగల దారి తెరిచి ఉన్నట్టే. కంపు రోగం కాదు, తలుపు తీసుందని చెప్పే గుర్తు.

ఆఖరి రోజు చూసుకోవాల్సినవి

ఇంత చరిత్రలోంచి మనకి పనికొచ్చేవి నాలుగు ముక్కల్లో:

ఒకటి, టైల్స్ సందుల్లో వైట్ సిమెంటో గ్రౌటో పట్టించే ముందు నేల మీద బకెట్ నీళ్లు పోసి చూడండి. ఐదు నిమిషాల్లో ఎక్కడా నిలవకూడదు.

రెండు, వాష్‌బేసిన్ కింద ముడతల పైపుని తిన్నగా నేల జాలీలో వేలాడేయకండి. ఒక వంపు తిప్పి తాడుతో కట్టండి, అది తాళం అవుతుంది.

మూడు, వాడని బాత్‌రూమ్ ఉంటే, పిల్లలు పట్నంలో ఉండి పండక్కే వచ్చే ఇళ్లల్లో ముఖ్యంగా, వారానికొకసారి ప్రతి జాలీలో ఒక మగ్గు నీళ్లు పోయండి.

నాలుగు, బోరు నీళ్ల తెల్ల మరకలకి నిమ్మరసమో వెనిగరో చాలు. యాసిడ్ పోస్తే సందుల్లో సిమెంటు తింటుంది, కుళాయి మెరుపు పోతుంది. యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ రెండూ కలిపి మాత్రం ఎప్పుడూ పోయొద్దు, విషవాయువు వస్తుంది, తలుపేసి ఉన్న చిన్న గదిలో ప్రాణం మీదకొస్తుంది.

డబ్బు తక్కువైతే టైల్ చవకది వేయండి, కుళాయి మామూలుది పెట్టండి, తర్వాత మార్చుకోవచ్చు. వాలు, వంపు, గాలి గొట్టం, ఇంకుడు గుంత ఈ నాలుగింటి దగ్గర మాత్రం రూపాయి తగ్గించొద్దు. అవి టైల్స్ కిందకి, గోడ వెనక్కి పోయాక మళ్లీ చేతికి అందవు.

ఈ వారంలో బాత్‌రూమ్ పని పెట్టుకున్నవాళ్లు మీ ఊళ్లో ఇంకుడు గుంత ఎంత లోతు తీస్తున్నారో, నల్లరేగడిలో ఎలా ఇంకుతోందో కింద రాయండి. రేగడి నేలలున్న మిత్రులకి అది బాగా పనికొస్తుంది.

ఉంటాను మరి.